తుండుగుడ్డ కింద సగం రాజ్యం

వృషభగిరి సంత సామాన్యమైన సంత కాదు. తూర్పున ఎర్రమట్టి కొండ, పడమట ఇసుకతిన్నెల నడుమ మెరుస్తూ పారే శ్వేతవాహిని, మధ్యన కనుచూపు మేరా పశువులే. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడల్లో మువ్వల పట్టెడలు, నుదుట కుంకుమ, వీపున పువ్వుల దుప్పట్లు! ఆ వేల ఎద్దులూ ఒక్కసారి తలలూపితే, ఆ మోతకు ఆకాశాన పోయే గంధర్వులు సైతం విమానాలాపి కింద ఎవరి పెళ్ళో అని తొంగి చూస్తారని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

అంతటి సంతలో, ఆ ఉదయం, రత్నకూట రాకుమారుడు జయకేతుడు తన తెల్లగుర్రాన్ని ఇచ్చేసి ఒక ముసలి ఎద్దును కొన్నాడు.

ఆ గుర్రం పేరు పవనజం. పరుగెత్తితే దాని నీడ కూడా వెనకబడేది. ఎద్దుకు పేరు లేదు, ఒక కన్ను లేదు, పళ్ళు కూడా పెద్దగా లేవు. పశువుల వర్తకుడి వేషం వేసుకున్నాక చేతిలో పశువు ఒక్కటైనా ఉండాలి కదా అని రాకుమారుడు దాని దగ్గర ఆగాడు. అమ్మేవాడు నవ్వులాటకు, "గుర్రమిస్తే ఎద్దునిస్తా" అన్నాడు. రాకుమారుడు "ఇచ్చాను" అన్నాడు. అంతే! ఆ మనిషి గుర్రమెక్కి, ఈ వెర్రిబాగులవాడు ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని వెనక్కి చూడకుండా ఉడాయించాడు.

వాడి భయం వాడిది. రత్నకూట రాజవంశంలో మనసు మార్చుకునే పద్ధతే లేదు.

ఈ ముక్క కాస్త విడమరిచి చెప్పాలి. లేకపోతే మా రాకుమారుణ్ణి మీరు ఉత్త వెర్రివాడనుకుంటారు. వెర్రివాడే, కాదనను. కాని ఉత్త వెర్రివాడు కాదు, దాని వెనక ఏడు తరాల శిక్షణ ఉంది. ఆ వంశంలో పుట్టిన ప్రతి మగబిడ్డకూ పన్నెండో ఏట నాలుక మీద బంగారు కడ్డీ ఆనించి ఒట్టు పెట్టిస్తారు. ఇచ్చే చోట గాని, పుచ్చుకునే చోట గాని మొదట నోట వచ్చిన మాటే ఆఖరి మాట. దాన్ని పెంచకూడదు, తగ్గించకూడదు, దిద్దుకోకూడదు. "ఒక్కమాట వంశం" అని వందిమాగధులు గొంతు చించుకుని పాడతారు. పొరుగు రాజులు ఆ పాటలు పాడించుకుని మరీ విని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు.

నవ్వరా మరి! ముత్తాతల్లో మొదటివాడు రాక్షసుణ్ణి చంపిన వీరుడికి సగం రాజ్యం ఇచ్చాడు. సరే, రాక్షసుడు పెద్దవాడే. తరవాతివాడు కొండచిలువను చంపినవాడికి మిగిలినదాంట్లో సగం ఇచ్చాడు. ఆపైవాడు తన ఎక్కిళ్ళు తగ్గించిన వైద్యుడికి అందులో సగం ఇచ్చాడు. అలా సగంలో సగం పోగా పోగా, ఇప్పుడు రత్నకూట సామ్రాజ్యమంటే ఒక కోట, రెండు పల్లెలు, ఒక చింతతోపు. పొద్దున బయల్దేరితే చద్దన్నం వేళకు సామ్రాజ్యమంతా చుట్టి రావచ్చు. మిగిలిన సంపద ఆ తోపే గనక, మహారాజు ఉదారసేనుడు ఉన్న సైన్యాన్నంతా దాని చుట్టూ నిలబెట్టాడు. ఒక్క కాయ సరిహద్దు దాటదు. ఆ చింతపండంతా కిరీటాన్నీ సింహాసనాన్నీ తోమడానికి. రాజ్యం తగ్గిన కొద్దీ కిరీటం మెరుపు పెరిగింది.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ధూమ్రకేశుడనే మాంత్రికుడు రాకుమారి చిత్రాంగిని ఎత్తుకుపోకపోతే.

చిత్రాంగి జయకేతుడికి అక్క. తల్లి పోయిన నాటి నుంచి వాడికి అన్నం కలిపి పెట్టిందీ ఆమే, చెవి మెలిపెట్టిందీ ఆమే. మాంత్రికుడు ఆమెను నల్లగుహల కొండ మీద నిలబెట్టి, పాదాల నుంచి పైకి రాయిగా మారుస్తున్నాడు. రాయి గొంతు దాటిందా, ఆమె ఇక శిల. కత్తి దూసి ఎవడైనా గుహలో అడుగు పెట్టాడా, ఆ క్షణమే శిల. వదిలిపెట్టాలంటే సగం రాజ్యం కావాలట. ఇస్తే ఆ సగంలోని పల్లె జనమంతా వాడి పాలు. ఇవ్వకపోతే అక్క రాయి. మహారాజు ఇవ్వడానికి నోరు తెరవబోతుంటే జయకేతుడు అడ్డుపడి, "నాన్నగారూ! అక్కను నేను తీసుకొస్తాను, ఏడు రోజులు గడువివ్వండి" అన్నాడు. పది రోజులడిగినా ఆయన ఇచ్చేవాడే. కాని మొదట నోట వచ్చింది ఏడు. ఏడో రోజు మధ్యాహ్నానికి మహారాజు స్వయంగా బయల్దేరి వచ్చి సగం రాజ్యం ఇచ్చేసేటట్టు మాట ఖాయమైపోయింది.

ఇదీ కథ. ఇప్పుడు రాకుమారుడు సంత నడుమ ముసలి ఎద్దు పలుపు పట్టుకుని నిలబడ్డాడు. అతికించుకున్న మీసం చెమటకు సగం ఊడింది.

"ఏం బాబూ, నువ్వు ఎద్దును కొన్నావా, ఎద్దే నిన్ను కొన్నదా?"

వెనక్కి తిరిగితే, యాభై ఏళ్ళ మనిషి ఒకామె. బిగించి కట్టిన చీర, నోట్లో వక్క, భుజాన ఎర్రంచు తుండుగుడ్డ. ఆమె బసవక్క, ఆ సంతలో పేరుమోసిన దళారి. కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ కూర్చుని, ధర కుదిర్చి బేరం తెగ్గొట్టడమే ఆమె వృత్తి.

జయకేతుడు ఆమె కళ్ళలోకి చూసి అబద్ధమాడలేకపోయాడు. పక్కకు తీసుకుపోయి కథంతా చెప్పాడు. ఆమె వక్క నమలడం ఆపి విన్నది.

"అయితే కత్తి పనికిరాదు. వాడితో బేరమాడాలి. నీకేమో బేరమంటే ఏందో తెలవదు."

"అరవై నాలుగు విద్యలు నేర్చాను, అక్కా!"

"అందులో ఇది లేదా?"

"లేదు."

"ఎందుకుంటుంది! గుర్రాలెక్కేవాళ్ళు రాసుకున్న లెక్క కదా అది." ఆమె తుండుగుడ్డ దులిపి నేల మీద పరిచింది. "కూర్చో. ముందు ఒక సంగతి. నీ శత్రువు ఆ కొండ మీద లేడు. నీ నోట్లో ఉన్నాడు. వాణ్ణి కట్టెయ్యాలి."

రాకుమారుడికి కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలో, "గురుదక్షిణగా నువ్వేం కోరితే..." అని మొదలుపెట్టాడు. బసవక్క చటుక్కున అరచేత్తో వాడి నోరు మూసేసింది.

"చూశావా! ఇప్పుడే కట్టెయ్యమన్నాను" అన్నది.

ఆ రోజు నుంచి చదువు మొదలైంది. ఏమి చదువండీ అది! పక్షుల భాష నేర్చుకున్నప్పుడు కూడా రాకుమారుడు ఇంత అవస్థ పడలేదు.

ఆ సంతలో దళారులు ధర నోటితో చెప్పరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుంటారు. లోపల వేళ్ళే మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే అయిదు, అయిదు దాటితే వదిలి మళ్ళీ పట్టుకోవాలి. అరచేతిలో గీరితే కుదరదని. చెయ్యంతా పట్టి ఊపితే బేరం తెగినట్టు, అంటే ఖాయమైనట్టు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎవడు ఎంత దిగాడో ఎవడికీ తెలియదు. ఓడినవాడి పరువు గుడ్డ కిందే ఉండిపోతుంది.

"ఒక్కమాట అని కదా నీ ఒట్టు? వేలికి ఒట్టు పెట్టలేదుగా?" అన్నది బసవక్క.

ఏడు తరాల్లో ఒక్క తాతకైనా ఈ సంగతి తట్టలేదు.

తట్టినా లాభం లేదనుకోండి. మొదటి రోజు గుడ్డ కింద బేరమాడి ఎద్దును ఇచ్చి మేకను తెచ్చుకున్నాడు. "గుర్రం నుంచి మేకకు దిగావు. రేపటికి కోడిపెట్టతో ఇంటికి పోతావు" అని బసవక్క తల బాదుకున్నది. రెండో రోజు పొద్దున అన్నంత పనీ అయింది, కోడిపెట్ట చేతికొచ్చింది. అప్పుడు ఆమె వాణ్ణి కూర్చోబెట్టి వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నది.

"ఎదుటివాడి మొహం చూస్తావెందుకయ్యా? మొహం వాడు చెప్పినట్టు వింటుంది. చెయ్యి వినదు. ఆశ పుట్టినప్పుడు వేళ్ళు బిగుసుకుంటాయి, భయం పుట్టినప్పుడు చెమట పడతాయి. నీ చెయ్యి చూడు, పెళ్ళిచూపుల్లో పిల్ల చెయ్యిలా వణుకుతున్నది. వాడికి అన్నీ తెలిసిపోతున్నాయి."

మూడో రోజు ఆమె సజ్జరొట్టె మీద వెన్న రాసి, పక్కన గోంగూర పచ్చడి పెట్టి, తినబోయే వేళకు "లే!" అన్నది. రాకుమారుడు లేచాడు. "పో!" అన్నది. వెళ్ళాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు.

"మళ్ళీ!"

ఆ రొట్టె దగ్గర నుంచి వాడు పదకొండుసార్లు లేచాడు. పన్నెండోసారి వెనక్కి చూడకుండా ఏటి ఒడ్డు దాకా వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమే రొట్టె పట్టుకుని వెంట నడిచి వచ్చింది.

"ఇదే విద్య. ఇంక నేర్పడానికి ఏం లేదు. లేచి పోగలిగినవాడే కూర్చోవాలి" అన్నది.

నాలుగో రోజు సాయంత్రానికి కోడిపెట్టను ఇచ్చి మేకను, మేకను ఇచ్చి మళ్ళీ ఆ ఒంటికన్ను ఎద్దునే సంపాదించాడు. అంటే నాలుగు రోజులు చెమటోడ్చి, మొదట మోసపోయిన చోటికి తిరిగి వచ్చాడన్నమాట. బసవక్క మాత్రం ఇంత తొందరగా వచ్చినవాణ్ణి చూడలేదని మెచ్చుకున్నది.

అయిదో రోజు పొద్దున రాకుమారుడు ప్రయాణం కడుతుంటే ఆమె అడ్డం నిలబడ్డది.

"ఆగాగు. మాంత్రికుడి సంగతి ఏం తెలుసుకున్నావు?"

"అంతా తెలుసు. వాడి జుట్టు పొగలా సుడులు తిరుగుతుంది. చూపు సోకితే చెట్టు మాడుతుంది. నూట ఎనిమిది మంత్రాలు వాడి గుప్పిట్లో..."

"అది కాదయ్యా. వాడేం తింటాడు?"

ఏ గురువూ, ఏ గ్రంథమూ ఈ ప్రశ్న వెయ్యలేదు.

బసవక్క వాణ్ణి తీసుకుపోయి కొండదారి మలుపులో కూర్చోబెట్టింది. కొండ మీదికి సరుకులు మోసేవాళ్ళు ఆ దారినే దిగుతారు. ఒక్కొక్కరినీ ఆపి, మంచినీళ్ళిచ్చి, పిల్లల క్షేమమడిగి, మాటల్లో మాటగా అంతా రాబట్టింది. పైకి కందిపప్పు పోతున్నది. మునక్కాయలు, బెండకాయలు, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పోతున్నాయి.

"ఏం అర్థమైంది?" అని అడిగింది.

"బాగా తింటాడని."

"నా మొహం! ఇన్ని పోతున్నాయి, చింతపండు ఏది? పులుసు పెట్టుకునే సరుకంతా ఉంది, పులుపు లేదు. ఈ చుట్టుపక్కల చింతతోపు మీది ఒక్కటే. దాని చుట్టూ మీ నాయన కత్తులు నిలబెట్టాడు. మాయతో తెచ్చుకున్నది తింటే నోట్లో బూడిదవుతుందంట, ఇచ్చేవాడు చేత్తో ఇయ్యాలంట. వాడికి కావల్సింది రాజ్యం కాదు బాబూ. మీ రెండు పల్లెలతో వాడేం చేసుకుంటాడు? వాడికి కావల్సింది కాసింత పులుసు."

"మరి చింతపండే అడగవచ్చుగా? అక్కను రాయి చెయ్యడమెందుకు?"

"నువ్వే మాంత్రికుడివైతే చింతపండు పెట్టమని అడుగుతావా? రేపు శపిస్తానంటే ఎవడు భయపడతాడు?"

అప్పుడే కుండలు మోసుకుపోయి వస్తున్నవాడు ఇంకో మాట చెప్పాడు. మాంత్రికుడు మూడు రోజుల్లో రాయి చేస్తానన్న ఆడమనిషి, ఇరవై రోజులైనా నడుం దాకానే రాయయిందట. రోజూ పొద్దున్నే ఆమె గొంతు కొండంతా వినిపిస్తుందట. మాంత్రికుడు రెండు చెవులూ మూసుకుని గుహ బయట తిరుగుతుంటాడట.

బసవక్క కనుబొమలెగరేసింది. "లోపల ఎవరో మన పనే చేస్తున్నారు."

"మా అక్కా? మా వంశంలో బేరమాడరు."

"ఆమె నాలుక మీద బంగారం పెట్టారా?"

"ఆడపిల్లలకు పెట్టరు. వాళ్ళ మాటకు అంత విలువ లేదని పెద్దలు..."

బసవక్క దారి పక్కన కూలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. తరవాత భుజాన ఉన్న ఎర్రంచు తుండుగుడ్డ తీసి వాడి భుజాన వేసింది. రాకుమారుడి సంచిని సరిహద్దులో ఎవరూ వెతకరు గనక, అందులో కిరీటం తోమే చింతపండు ముద్దలు రెండు, వాడనివి, అలాగే ఉన్నాయి. వాటిని గుడ్డ కొంగున ముడివేసి ఎద్దునెక్కాడు.

ఆ ఎద్దు నడక ఎంత చక్కనిదంటే, దారిలో రెండు తాబేళ్ళు వాళ్ళను దాటిపోయాయి. ఆరో రోజు మధ్యాహ్నానికి పాతాళం కనిపించేంత లోయ, దాని మీద ఒంటిరాతి వంతెన. వంతెన మీద కాళ్ళు చాపుకుని ఒక భూతం. దాని పళ్ళు తాటిమట్టలంత, బొడ్డులో గబ్బిలాలు కాపురం ఉంటున్నాయి. మాంత్రికుడు రమ్మన్నవాళ్ళను తప్ప ఎవరినీ అది ఊరికే దాటనివ్వదు.

"కుడిచెయ్యి ఇస్తే దాటనిస్తా!" అని గర్జించింది.

వారం క్రితమైతే జయకేతుడు "ఇచ్చాను" అనేవాడే. ఇప్పుడు ఎద్దు దిగి, వంతెన మొదట్లో బాసింపట్టు వేసుకు కూర్చుని భూతం కేసి చూస్తూ ఊరుకున్నాడు.

"వినపడలేదా? కుడిచెయ్యి!"

వాడు ఎద్దు పలుపు ముడి సవరించుకున్నాడు.

"సరే, ఎడమచెయ్యి." తల గోక్కున్నది. "పోనీ, ముంజేయి. ఏం, మూగవాడివా? ఒక వేలు! ఒక్క వేలయ్యా, పది ఉన్నాయి కదా నీకు!"

గాలి వీచింది. ఎద్దు నెమరు వేసింది. వందేళ్ళుగా అందరూ ఏడ్చి, అరిచి, కాళ్ళ మీద పడిన చోట ఒకడు ఇలా ఊరికే కూర్చోవడం భూతానికి కొత్త. దానికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

"గోరు! ఇంతకంటే తగ్గితే మా కులంలో నన్ను వెలివేస్తారు!"

జయకేతుడు చిటికెనవేలి గోరు కొరికి, మర్యాదగా రెండు చేతులతో అందించాడు. భూతం దాన్ని కళ్ళకద్దుకుని దారి వదిలింది. దాటిపోతుంటే వెనక నుంచి, "మంచివాడివయ్యా, రాను పోను దానికే!" అని కేక కూడా వేసింది.

ఏడో రోజు పొద్దెక్కేసరికి నల్లగుహల కొండ. ఏం చెప్పను దాని భీకరం! కొండ చుట్టూ ఆకు లేని చెట్లు, ప్రతి కొమ్మకూ తలకిందులుగా వేలాడే పుర్రెలు, వాటి కళ్ళలో ఆకుపచ్చని దీపాలు. నల్లరాతి స్తంభాల మీద పాములు నిజమైనవో చెక్కినవో తెలియకుండా మెలికలు తిరిగి ఉన్నాయి. గుహ నడుమ పులిచర్మం మీద ధూమ్రకేశుడు. వాడి జుట్టు పొగై పైకప్పు దాకా లేచి సుడులు తిరుగుతున్నది. ఇంత భీకరంలోనూ ఓ మూల పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన వస్తున్నది.

అదిగో, అక్క! ఛాతీ దాకా రాయి. చేతులు మాత్రం ఇంకా మనిషివే.

"వచ్చావా జయా! ఇంత చిక్కిపోయావేమిటి? దారిలో ఏమైనా తిన్నావా?" అన్నది చిత్రాంగి.

'అంతా ఇచ్చేస్తాను, మా అక్కను వదిలెయ్' అన్న మాట జయకేతుడి నాలుక చివరి దాకా వచ్చేసింది. నాలుకను పళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. రక్తం ఉప్పగా తగిలింది. మాట్లాడకుండా వెళ్ళి మాంత్రికుడి ఎదుట కూర్చుని, తుండుగుడ్డ పరిచి, చెయ్యి గుడ్డ కింద పెట్టాడు.

"ఏమిటీ వేషాలు? సగం రాజ్యం తెచ్చావా?" అని ధూమ్రకేశుడు హూంకరించాడు. పుర్రెలన్నీ ఒక్కసారి పళ్ళు కొరికాయి.

అంతలో గుడ్డ కొంగు ముడి నుంచి కమ్మగా, పుల్లగా వాసన వాడి ముక్కుకు తగిలింది. హూంకారం సగంలో ఆగిపోయింది. వాడి కళ్ళు ముడి మీద నిలిచాయి. గొంతు గుటక వేసింది. జయకేతుడు ముడి విప్పి చిటికెడు చింతపండు వాడి అరచేతిలో పెట్టి, మిగిలింది తన నడికట్టులో దోపుకున్నాడు. ఇచ్చేవాడు చేత్తో ఇచ్చినది! మాంత్రికుడు దాన్ని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎన్నేళ్ళైందో పాపం, చెంపల మీదికి నీళ్ళు కారాయి.

తరవాత వాడి చెయ్యి మెల్లగా గుడ్డ కిందికి వచ్చింది.

"సగం రాజ్యం! ఒక్క అంగుళం తగ్గను!" అని పైకి కొండ దద్దరిల్లేలా అరిచాడు. కింద మాత్రం రాకుమారుడి అయిదు వేళ్ళూ రెండుసార్లు పట్టుకున్నాడు. ఏడాదికి పది బుట్టల చింతపండు.

జయకేతుడు ఒక వేలు పట్టుకున్నాడు.

"మూడు లోకాలను భస్మం చేస్తాను!" ఎనిమిది.

రాకుమారుడు అరచేతిలో గీరాడు.

"నా కోపం నీకు తెలియదు, కుర్రకుంకా!" ఏడు.

రెండు.

మాంత్రికుడి వేళ్ళు బిగుసుకుంటున్నాయి, చెమట పడుతున్నాయి. జయకేతుడికి ఆ చేతిలో వాడి ఆకలంతా తెలుస్తున్నది. ఆరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాంత్రికుడు మొండికేశాడు. రెండో చేత్తో చిటిక వేశాడు. టపటపమని శబ్దం చేస్తూ రాయి చిత్రాంగి భుజాల దాకా పాకింది.

ఆరు బుట్టలైతే ఏం, ఇచ్చేస్తే పోలేదా అంటారా? అనండి. కాని ఈ ఆరుకు తలూపితే, చిటిక వేస్తే పని జరుగుతుందని వాడికి తెలిసిపోతుంది. ఏడాది తిరక్కుండా ఇంకో చిటిక వేస్తాడు. జయకేతుడికి సజ్జరొట్టె గుర్తొచ్చింది. కాని రొట్టెను వదిలి లేవడం వేరు, అక్కను వదిలి లేవడం వేరు. ఏడుపొచ్చింది.

లేచాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. వెనుదిరిగి నడిచాడు.

ఒకటి. రెండు. మూడు. వెనక అక్క గొంతు పలికింది. "వెళ్ళు జయా, వెళ్ళు! నాకేం, ఇక్కడ గాలి బాగానే వస్తున్నది." ఆ గొంతు వణకలేదు. ఆమెకు అంతా అర్థమైంది. అయిదు. ఆరు. వెనక్కి చూడలేదు గాని, కళ్ళ నీళ్ళకు ముందున్న దారి కూడా వాడికి కనిపించడం లేదు.

"ఆగవయ్యా!"

అది హూంకారం కాదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతుంటే ఇంటాయన కేక వేసినట్టు ఉంది.

మళ్ళీ గుడ్డ కింద చేతులు కలిశాయి. నాలుగు. రెండు. మూడు. మాంత్రికుడు చెయ్యంతా పట్టి ఊపేశాడు. ఏడాదికి మూడు బుట్టలు! పైకి మాత్రం లేచి నిలబడి, "పో! నీ ధైర్యానికి మెచ్చి వదిలేస్తున్నాను!" అని పుర్రెలన్నిటికీ వినిపించేలా అన్నాడు. రాయి పెచ్చులుగా రాలిపోయింది. చిత్రాంగి తూలి తమ్ముడి మీద పడింది. వాడు అక్కను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడు మధ్యాహ్నమైంది.

గుహ ముంగిట ఢంకా మోగింది. తళతళలాడే కిరీటంతో, దారి పొడుగునా ఆయాసపడుతూ వచ్చిన మహారాజు ఉదారసేనుడు గుమ్మంలో నిలబడి, కొడుకును చూడక, కూతురిని చూడక, కళ్ళు మూసుకుని ప్రతిధ్వనులు లేచేలా పలికాడు.

"ధూమ్రకేశా! నా బిడ్డను విడిచిపెట్టు. సగం రాజ్యం ఇచ్చాను!"

ధూమ్రకేశుడి మొహం మీద నవ్వు మెల్లగా చెవుల దాకా పాకింది. "ఒక్కమాట వంశం!" అన్నాడు. "మాట తప్పరు కదా, మహారాజా? ఆ చింతతోపున్న సగమే నాకు నచ్చింది."

జయకేతుడు అలాగే కూలబడ్డాడు. సంత చదువు, గోరు, సజ్జరొట్టె, నాలుక మీది రక్తం అంతా ఒక్క మాటతో ఏట్లో కలిసిపోయింది. మహారాజు కళ్ళు తెరిచి, చెక్కుచెదరకుండా నిలబడ్డ కూతురిని చూసి, "అదేమిటమ్మా?" అన్నాడు.

చిత్రాంగి చేతులకంటిన రాతిపొడి దులుపుకున్నది. తండ్రిని ఎగాదిగా చూసింది.

"నాన్నగారూ, సగం అన్నారు. ఏ సగమో అన్నారా?"

"అనలేదమ్మా. ఎప్పుడూ అనలేదు. మీ తాతలూ అనలేదు. పుచ్చుకునేవాళ్ళే చూసుకునేవాళ్ళు."

"అయితే అదింకా తేలలేదు." తమ్ముడి భుజాన ఉన్న తుండుగుడ్డ లాక్కుని నేల మీద పరిచి, మాంత్రికుడి ఎదుట కూర్చున్నది. "రండి మాంత్రికులవారూ. కోటగోడ బయటి ముళ్ళకంపల దగ్గర నుంచి మొదలుపెడదాం."

ధూమ్రకేశుడి నవ్వు ఆరిపోయింది. వాడి జుట్టులోని పొగ సన్నబడింది. రాకుమారుడి వైపు తిరిగి, "నువ్వే కూర్చో నాయనా. నీకు దండం పెడతాను. ఈవిడ వద్దు. ఇరవై రెండు రోజులుగా నాకు నిద్ర లేదు" అన్నాడు.

"చెయ్యి పెట్టండి" అన్నది చిత్రాంగి.

మహారాజుకు జాలేసింది. ఎంత మాంత్రికుడైనా అతిథి లాంటివాడే కదా! "పోనీలే తల్లీ, నేనే ఆ తోపు..." అని నోరు తెరిచాడు.

జయకేతుడు ఒక్క గంతులో వెళ్ళి, కిరీటం తోమే చింతపండు ముద్ద రెండోది ఉన్నదున్నట్టు తండ్రి నోట్లో కుక్కి, పైనుంచి అరచెయ్యి అడ్డం పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. మహారాజు కళ్ళు పెద్దవయ్యాయి, చెంపలు ముడుచుకుపోయాయి, కిరీటం ఓ పక్కకు ఒరిగింది.

తుండుగుడ్డ కింద చిత్రాంగి మొదటి వేలు పట్టుకున్నది.